కారు దిగి దాటిన రోడ్డు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక ఏప్రిల్‌లో, నన్ను ట్రాఫిక్ సిగ్నళ్ల విభాగానికి సూపరింటెండింగ్ ఇంజనీరుగా వేశారు. ఇందిరాపురంలో ఒక పెద్ద రోడ్డు మీది సిగ్నళ్లన్నింటినీ ఒకదానితో ఒకటి కలిపాం. స్తంభం మీది కెమెరా వచ్చే బండ్లను లెక్కపెడుతుంది, తర్వాతి సిగ్నల్‌కు ముందే కబురు పంపుతుంది. రద్దీని బట్టి పచ్చదీపం సమయం దానంతటదే పెరుగుతుంది, తగ్గుతుంది. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, కంట్రోల్ రూంలో తెర చూస్తూ మురిసిపోయేవాణ్ణి. తనిఖీకి వెళ్లడం మాత్రం ఆఫీసు కార్లోనే. అది మా శాఖ ఆనవాయితీ.

మా అసిస్టెంట్ ఇంజనీరు మాధవిది కరీంనగర్, కాపురం ఇందిరాపురం. తుది నివేదిక మీద నా సంతకం కోసం వచ్చి, ఫైలు ఇవ్వకుండా నిలబడింది.

"సార్, మా కింది ఫ్లాటు సుందరమ్మ ఆంటీకి మోకాలు ఆపరేషనైంది. రోడ్డు అవతల ఫిజియోథెరపీకి రోజూ నడిచి పోతుండె. మన సిగ్నల్ పెట్టినంక బంద్ చేసింది. ఇట్లనే మానేస్తే కాలు బిగుసుకపోతదని డాక్టర్ అంటున్నడు. మీరొక్కసారి కారు దిగి దాటి చూడుండ్రి."

నాకు కోపం వచ్చింది. పాదచారుల సమయం నిబంధనల ప్రకారమే పెట్టామన్నాను. అయినా ఆ సాయంత్రం వెళ్లాను.

సుందరమ్మగారితో కలిసి రోడ్డు మీద అడుగుపెట్టాను. సగం దాటేసరికి నడిచే మనిషి బొమ్మ ఎర్రబడింది. ఇద్దరం డివైడర్ మీద చిక్కుకున్నాం. "మొన్న ఇక్కడే ఒంటరిగా నిలబడి ఏడ్చాను బాబూ. ఇవాళ మీరున్నారు, నయం" అంటూ ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. నాకు సిగ్గేసింది.

తప్పు యంత్రానిది కాదు. బండ్లను లెక్కపెట్టమన్నాం, మనుషుల్ని లెక్కపెట్టమనలేదు. మాధవి వారం రోజులు ఆ మూలన ఎండలో నిలబడి, నెమ్మదిగా నడిచేవాళ్ల సమయాన్ని స్టాప్‌వాచ్‌తో కొలిచింది. జీబ్రా గీతల మీద ఎవరైనా మిగిలి ఉంటే బండ్లకు పచ్చదీపం పడకుండా ప్రోగ్రాం మార్పించింది.

సుందరమ్మగారు మళ్లీ ఫిజియోథెరపీకి వెళ్లడం తెర మీద చూశాను. ఆవిడ చివరి అడుగు ఫుట్‌పాత్ ఎక్కేదాకా కార్ల వరుస కదల్లేదు. ఆ యంత్రం ఓపికకు ముచ్చటేసింది, మాధవిని చూస్తే గర్వం కలిగింది.

తనిఖీ అధికారి ప్రతి కూడలినీ కాలినడకన దాటాలని నివేదికలో ఒక వాక్యం చేర్చి, అప్పుడు సంతకం పెట్టాను. మిగిలిన సర్వీసులో కార్లో కూర్చుని ఏ సిగ్నల్‌నూ ఆమోదించలేదు.