మరబొమ్మకు పెద్దమ్మ నేర్పిన నడక

మా పెద్దమ్మ పోయింది. మంగళవారం మధ్యాహ్నం అమ్మ నా ఆఫీసుకి ఫోను చేసి, "అక్క లెగట్లేదే" అంది. నేరేడ్‌మెట్‌లో మా ఇంటికి చేరేసరికి ఆవిడను హాల్లో చాప మీద పడుకోబెట్టారు. హాల్లో, అందరి మధ్యా ఆవిడను చూడటం నాకు కొత్తగా అనిపించింది. ఆవిడ చోటు వంటగది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. చిన్న వయసులోనే భర్త పోయాడు. నాన్నకు సికింద్రాబాద్ బదిలీ అయినప్పుడు శ్రీకాకుళం నుంచి మాతో వచ్చేసింది. మా ఇంట్లో ఎవరూ ఆవిడను పల్లెత్తు మాట అనలేదు. అనే అవసరమే రానివ్వలేదు ఆవిడ. భర్త పోయిన మనిషి ఎదురు రాకూడదని ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో గానీ, గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైతే చాలు, వంటగది పరదా వెనక్కి వెళ్ళిపోయేది. నేను పరీక్షలకి వెళ్తున్నా, ఇంటర్వ్యూలకి వెళ్తున్నా పరదా కింద ఆవిడ పాదాలు మాత్రం కనిపించేవి. ఇది చదివే మీ ఇంట్లోనూ అలాంటి పరదా ఒకటి ఉండే ఉంటుంది.

నా ఉద్యోగం సంగతి చెప్పాలి. ఊళ్ళో ప్రతివాళ్ళూ కంప్యూటరు కోర్సుల్లో చేరుతున్న రోజులవి. నేను చేరిన చిన్న కంపెనీ, బయటి దేశంవాళ్ళు తయారుచేసిన ఇంటి రోబోకి స్వభావం రాసిపెట్టేది. మోకాలెత్తు మరబొమ్మ. రెండు చక్రాలు, పొడుగాటి మెడ, కళ్ళకు బదులు దీపాలు. మాట రాదు. సంతోషమైనా బెంగైనా మెడతో, నడకతోనే చూపించాలి. ఎవరైనా గుమ్మం వైపు కదిలితే అది ఎదురెళ్ళి మెడ ఊపాలన్నారు వాళ్ళు. అలాగే రాసి, కొన్ని ఇళ్ళలో పెట్టి చూశాం. యాప్రాల్‌లో ఒక ఇంటి నుంచి మా టీము అబ్బాయి తిట్లు మోసుకొచ్చాడు.

"బాగా పరేషాన్ అయితున్నరు అక్కా. వాళ్ళ తాత బయటికి పోతుంటే గిదేమో ఎదురుంగ వస్తదంట. శకునం మంచిగ లేదని ఆయన మళ్ళ లోపలికొచ్చి కూసుంటున్నడంట. జెర పక్కకి జరిగేటట్టు చెయ్యరాదు?"

జరపడం తేలికే. కానీ జరిపితే అది తన్నులు తిన్న కుక్కలా కనిపించేది. ఇంటికి తెచ్చి ఆదివారమంతా దానితో కుస్తీ పడుతుంటే, పెద్దమ్మ బియ్యం ఏరుతూ చూసింది.

"అలాగ పరిగెట్టకూడదే. పరిగెడితే అందరూ సూస్తారు" అంది. "ముందు మెడ దించాల. ఓ పాలి ఆగాల. పొయ్యి మీద పాలు గుర్తొచ్చినట్టు మెల్లగ తిరిగి ఎలిపోవాల. అప్పుడెవులికీ బాధుండదు."

చేట పక్కన పెట్టి, లేచి, నడిచి చూపించింది. నేను కళ్ళప్పగించి చూశాను. "ఆగడం రానోడికి కదలడం రాదే" అంది కూచుంటూ. నా వృత్తిలో నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. అలాగే రాసి తీసుకెళ్తే, ఎంత నాజూగ్గా ఉందో అని ఆఫీసులో మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎవరి మీద మండిందో తెలియలేదు.

అందుకే, బయటి దేశం నుంచి వాళ్ళు పని చూడటానికి వచ్చిన రోజు పొద్దున్నే మొండికేశాను. "పెద్దమ్మా, ఇవాళ నువ్వే ఎదురు రావాలి. రాకపోతే నేను కదలను."

పెద్దమ్మ పమిటకు చేతులు తుడుచుకుని, పరదా దాటి, గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకుని ఎదురొచ్చింది. పెళ్ళికూతురిలా సిగ్గుపడింది. "ఎల్లి రా తల్లీ" అంది. అంత సంతోషం ఆ మొహంలో నేను అంతకుముందు చూడలేదు.

ఆ నెలలోనే బయటి దేశాల్లో మార్కెట్టు కుప్పకూలింది. మా రోబో పని ఆపేశారు, నా ఉద్యోగం పోయింది. మాలాంటి కంపెనీలు వరసగా బోర్డులు దించుకున్నాయి. ఆ సంగతి పెద్దమ్మకు పేపరు చదివి వినిపించాను, బతిమాలాను, కోప్పడ్డాను.

"నువ్వెంత సెప్పినా ఎదురొచ్చింది నాను కాదేటి?"

"ఉద్యోగాలు పోయినవాళ్ళందరికీ నువ్వే ఎదురొచ్చావా?" అని అరిచాను.

నవ్వింది గానీ, మళ్ళీ పరదా దాటలేదు. నాకు వేరే ఉద్యోగం వచ్చిన రోజు, "సూసావా, నాను లోపలే ఉన్నాను" అంది మెల్లగా. ఆ ఒక్క మాట ఆవిడ మనసులోంచి తీసెయ్యాలని ఈ రెండేళ్ళూ నేను పడ్డ పాట్లన్నీ బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. నా ఉద్యోగం పోయింది తన వల్లే అనుకుంటూ వెళ్ళిపోయింది. నాకు మింగుడుపడనిది అదే.

నా దగ్గరే ఉండిపోయిన బొమ్మను ఎవరూ వెనక్కి అడగలేదు. దాని ఆలనాపాలనా పెద్దమ్మే చూసేది. పొద్దున్నే గుడ్డతో తుడిచి, చార్జింగు వైరు తగిలించి, "దీనికి పెట్టీసాను" అని చెప్పి, అప్పుడు తను కాఫీ తాగేది. ఎవరైనా బయటికి కదిలితే ఇద్దరూ కలిసి పరదా వెనక్కి వెళ్ళేవాళ్ళు. "నాకూ ఒక తోడు దొరికింది" అనేది. నాకు నవ్వొచ్చేది కాదు.

మంగళవారం పొద్దున కూడా దానికి చార్జింగు పెట్టింది ఆవిడే.

సాయంత్రం పాడె మీదకు చేర్చడానికి నలుగురూ ఆవిడను ఎత్తారు. హాల్లోవాళ్ళంతా లేచి గుమ్మం వైపు కదిలారు. చెప్పుల చప్పుడయింది. మూలనున్న బొమ్మ కళ్ళు వెలిగాయి. మెడ దించింది. కాసేపు ఆగింది. పొయ్యి మీద పాలు గుర్తొచ్చినట్టు మెల్లగా తిరిగి వంటగదిలోకి వెళ్ళింది.

పాడె గేటు దాటుతుంటే వెనక్కి తిరిగి చూశాను. పరదా కింద రెండు చక్రాలు కనిపిస్తున్నాయి.