ద్రాక్షల షెడ్డులో వీడియో లోకం

కొండాపూర్‌లోని వీడియో లోకం అనే ఆటల కేంద్రం ఈ నెలతో మూతపడుతుందని మా కాలేజీ స్టాఫ్‌రూంలో ఎవరో అన్నారు. పెట్టి మూడేళ్ళు కూడా కాలేదు. నేను డిగ్రీ పిల్లలకు చరిత్ర చెబుతాను. మూడేళ్ళ వయసున్న దానికి చరిత్ర ఉంటుందా అని నాకు అనుమానమే, అలాగని ఉండదని తేల్చి చెప్పే ధైర్యమూ లేదు. ఉన్నప్పుడే ఒకసారి చూసి వద్దామనుకున్నాను. సెలవు కాబట్టి పొద్దున్నే తెరుస్తారన్న నమ్మకంతో దసరా రోజునే బయలుదేరాను.

సికింద్రాబాద్‌లో తొమ్మిదింటికి ప్యాసింజర్ ఎక్కితే హఫీజ్‌పేట్‌లో దిగేసరికి పది దాటింది. స్టేషన్ బయట రెండే ఆటోలున్నాయి. ముప్పై అడిగిన అతను పాతికకు ఒప్పుకున్నాడు. బండి అద్దం చుట్టూ బంతిపూల దండ, ముందు చక్రం కింద నలిగిన నిమ్మకాయ. దారికి రెండు వైపులా బండరాళ్ళు, వాటి మధ్య సగం లేచిన కాంక్రీటు అంతస్తులు, పండుగ కాబట్టి కదలకుండా నిలబడ్డ సిమెంటు లారీలు. వీడియో లోకం అంటే డ్రైవరుకు అర్థం కాలేదు, గుర్తులు చెబితే తెలిసింది. "ఆటల షెడ్డా మేడం? జర ఆలస్యంగ తీస్తరు, ఇయ్యాల పూజ గద. ఇగ వచ్చే నెల నుంచి అది కంపెనీ ఆఫీసైతదంట," అన్నాడు.

షెడ్డు తలుపు తెరిచే ఉంది కానీ, అతను చెప్పినట్టే ఆటలు ఇంకా మొదలుకాలేదు, కరెంటు తీసేసి ఉంది. లోపల పొడవాటి హాలును చెక్క గోడలతో మూడు లోకాలుగా విడగొట్టారు. అంతరిక్షంలో థర్మాకోల్ గ్రహాలు, అడవిలో రంగు వేసిన గోనెపట్టా చెట్లు, మూడోదానిలో స్టీరింగు ఉన్న రేసుకారు యంత్రాలు. అన్ని తెరలూ నల్లగా ఉన్నాయి. వాటి మధ్య యజమాని ప్రసాదరావు ఒక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తణుకు వైపు మనిషి, యాభై దాటాయి. పండుగ పూట జనం వచ్చి తిరిగి వెళ్ళిపోతున్నారని విసుక్కున్నాడు. షెడ్డు తనది కాదు, కిరాయిది. షెడ్డు సొంతదారు అంజయ్య ఇంట్లో పూజ అయ్యేదాకా స్విచ్చి వేయకూడదట.

అసలు దిగులు అది కాదని కాసేపటికి బయటపడింది. కిరాయి గడువు ఈ నెలాఖరుతో తీరిపోతోంది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఈ షెడ్డుకు మూడింతలు ఇస్తానంటోంది. అంజయ్య ఆ కంపెనీ మనిషిని తీసుకురావడానికే వెళ్ళాడు. ఇవాళే ఏదో ఒక మాట చెప్పేస్తాడు. "ఇంత ఎత్తు కప్పు ఇంకెక్కడా దొరకదండి. ఖాళీ చేయమంటే వీటిని పాత ఇనుముకి వేసుకోవడమే," అన్నాడు ప్రసాదరావు, యంత్రాల వైపు చూడకుండా.

ఈ లోకం ఎలా మొదలైందని అడిగాను. నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో ఏటా ఆటల స్టాలు పెట్టేవాడినని, శాశ్వతంగా ఒకచోట ఉండాలన్న ఆలోచన తనదేనని చెప్పాడు. గుమ్మం పక్కన చాయ్ కొట్టు నడిపే అంజయ్య భార్య భాగ్యమ్మ మాత్రం వేరే విధంగా చెప్పింది. ఇది వాళ్ళ ద్రాక్షతోటలో పళ్ళ పెట్టెలు కట్టే షెడ్డు. బోర్లు ఎండి తోట పోయాక ఖాళీగా ఉండేది. నుమాయిష్ అయ్యాక ఈ సారు నెల రోజులు సామాను దాచుకుంటానని వచ్చాడు. పక్కన ఆఫీసు కట్టే మేస్త్రీలు చాయ్‌కి వచ్చి, ఆ డబ్బాలేమిటని అడిగి, ఆడటం మొదలుపెట్టారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు తర్వాత వచ్చారు. ఇద్దరివీ రాసుకున్నాను. మూడేళ్ళకే రెండు కథలు.

పదకొండున్నరకు భాగ్యమ్మ పసుపు కుంకుమల పళ్ళెంతో వాకిట్లో ట్రాక్టరుకీ స్కూటరుకీ పూజ చేసింది. భర్త చెప్పివెళ్ళింది అంతవరకేనట. తర్వాత షెడ్డులోకి వచ్చి మొదటి యంత్రానికి బొట్టు పెట్టింది. ఆట బిళ్ళ వేసే సందులో కుంకుమ పడుతుందేమోనని ప్రసాదరావు కంగారుపడ్డాడు.

"ఇవి ఆటవస్తువులమ్మా, వీటికెందుకండి?"

"అన్నం పెట్టేదానికి బొట్టు పెట్టాలె గద సార్. నా చాయ్ గిలాసలు వీటి ఎనకనే నడుస్తున్నయ్," అని ఆమె ఒక్కదాన్ని కూడా వదలకుండా మూడు లోకాలూ తిరిగింది. చివర గుమ్మంలో కొబ్బరికాయ కొట్టింది.

అంజయ్య కంపెనీ మనిషితో వచ్చేసరికి చివరి యంత్రం మీద కుంకుమ ఇంకా తడిగానే ఉంది. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"గివిటికెందుకు పెట్టినవే?"

"పెట్టిన. ఇగ నువ్వేం జేస్తవో చెయ్."

అంజయ్య తలగోక్కున్నాడు. తర్వాత కంపెనీ మనిషికి చెప్పాడు: దసరాకు బొట్టు పెట్టిన పనిముట్టును మళ్ళీ దసరా వచ్చేదాకా తమ ఇంట్లో గడప దాటించరు, అమ్మరు, మూలన పడెయ్యరు. ఆ మనిషి దీన్ని బేరం అనుకుని కిరాయి ఇంకాస్త పెంచాడు. "పైసల ముచ్చట కాదు సార్. వీటిని బయటేస్తే రేపు నా ట్రాక్టర్ నడుస్తదా?" అన్నాడు అంజయ్య. ఆ మనిషి గడియారం చూసుకుని వెళ్ళిపోయాడు.

ప్రసాదరావు వెళ్ళి మెయిన్ స్విచ్చి వేశాడు. యంత్రాలన్నీ ఒక్కసారిగా తలో పాటా అందుకున్నాయి. నేను రెండు రూపాయలకు ఒక బిళ్ళ కొని రేసుకారు ఎక్కి, మొదటి మలుపులోనే గోడకు గుద్దాను.

బయటికి వచ్చాక, ఇలా అవుతుందని తెలిసే పెట్టారా అని భాగ్యమ్మను అడిగాను. చాయ్‌లో చక్కెర ఎంత వేయమంటారని అడిగింది. తిరుగు రైల్లో చాలాసేపు ఆలోచించాను. క్లాసులో నేను కారణాలు చెబుతాను: భూమి, కిరాయి, కొత్త పరిశ్రమ. వాటి ప్రకారం ఈ షెడ్డు ఇవాళ చేతులు మారాలి. మారలేదు. భక్తి వల్లా, చాయ్ కొట్టు వల్లా, లేక రెండూ ఆమెకు ఒకటేనా? రాసుకున్న రెండు కథల కింద ఇది మూడోదిగా చేర్చాను, పక్కన ప్రశ్నార్థకం పెట్టి. వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట: వచ్చే దసరా లోపే వెళ్ళండి. ఆ పైన ఉంటుందని నేను హామీ ఇవ్వలేను. అంజయ్య కూడా ఇవ్వలేదు.