ఊల్జాన్‌ను ఓడించే మనిషి

ఊల్జాన్ మా ఎదురింటి కాలిపాకు కోడలిగా వచ్చిన కొత్తలో, నీళ్లకు వెళ్లినా పరుగే, పాలు తెచ్చినా పరుగే. బకెట్‌లో నీళ్లు మాత్రం తొణికేవి కావు. ఒకరోజు వీధిలో ఆపి అడిగాను.

"ఎవరు తరుముతున్నారే నిన్ను?"

"ఎవరూ లేరు పెద్దమ్మా. మెల్లగా నడిస్తే కాళ్లు బరువెక్కుతాయి నాకు."

అప్పటి నుంచి ఆ పిల్ల మీద ఒక కన్ను వేసి ఉంచాను. మా వంటగది కిటికీ వాళ్ల గేటుకు ఎదురుగా ఉండటం నా తప్పు కాదు కదా.

ఆమె పుట్టిల్లు కనుమ అవతల. తండ్రి గొర్రెల కాపరి. వరసగా ఆడపిల్లలు పుడుతుంటే, తర్వాతి కాన్పులోనైనా కొడుకు కలగాలని ఈమెకు ఆ పేరు పెట్టారు, మా భాషలో ఊల్ అంటే కొడుకు. కొడుకైతే పుట్టలేదు గానీ, కొడుకు చేయాల్సిన పనులన్నీ ఈ పిల్ల నెత్తిన పడ్డాయి. పెళ్లయ్యాక ఇక్కడా అదే వరస. ఆమె భర్త మెదెర్ మా సందులోని గొర్రెలన్నిటినీ మేపేవాడు. వాళ్ల గుర్రం ఏదో బొరియలో కాలు పెట్టి విరగ్గొట్టుకుంది. ఇంకో గుర్రం కొనే దాకా మెదెర్ సరస్సు ఒడ్డున ఆప్రికాట్ తోటల్లో పనికి కుదిరాడు. మంద ఊల్జాన్ చేతికి వచ్చింది. గుర్రం మీద తిప్పాల్సిన మందను ఆ పిల్ల తన కాళ్ల మీద తిప్పింది.

మా ఎర్రకొండల్లో గడ్డి ఒకచోట ఉండదు. ఇక్కడ గుప్పెడు, అల్లంత దూరాన గుప్పెడు. మధ్యలో అంతా రాయి, సుద్ద, ముళ్లపొదలు. గొర్రెలు చెప్పినట్టు వింటాయి, మేకలు వినవు. మేక శిఖరం ఎక్కితే ఆమె శిఖరం ఎక్కేది. జేబునిండా ఎండబెట్టిన పెరుగుండలు పోసుకుని పొద్దున వెళ్తే, ఒకటొకటే చప్పరిస్తూ మాపటిదాకా ఆ రాళ్ల మీదే ఉండేది. ఎండాకాలం ఆ కొండ రొట్టెల పొయ్యిలా ఉంటుంది. "దాహం వేయదా?" అంటే, "వేస్తుంది పెద్దమ్మా, కానీ మేకకు తొందర కదా" అనేది.

పిల్ల నడిచే వేళ వచ్చినప్పుడు మా వాళ్లం దాని రెండు కాళ్లనూ నల్ల ఉన్ని, తెల్ల ఉన్ని కలిపి పేనిన దారంతో కడతాం. ఆడవాళ్లంతా సందు చివర నుంచి పరుగెత్తుకొస్తారు. ముందుగా వచ్చినామె కత్తితో దారం కోసి, పిల్ల చేతులు పట్టుకుని నాలుగు అడుగులు వేయిస్తుంది. దారం కోసినామె నడకే పిల్లకు వస్తుంది. ఊల్జాన్ వచ్చాక ఇక మా ఎవరికీ కత్తి దక్కలేదు. ఎవరింట వేడుకైనా ఆమెదే గెలుపు. రొట్టెలు కాల్చే షారీపా ఊరుకునేది కాదు.

"నువ్వు దారం కోసిన పిల్లలంతా బడి గోడ దూకి పారిపోతున్నారే అమ్మాయ్. టీచరమ్మకు ఒక్కడూ దొరకడం లేదు."

"టీచరమ్మకు కూడా నన్నే కోయమనాల్సింది వదినా" అనేది ఊల్జాన్.

ఇంతమంది పిల్లల్ని నడిపించిన మనిషికి సొంత పిల్ల దగ్గరే చిక్కు వచ్చింది. కూతురు బెగాయ్ ఏడాది దాటినా నిలబడలేదు. పిర్రల మీద జరుగుతూ ఇల్లంతా చుట్టేది. అదీ వేగంగానే, తల్లి పోలిక ఎక్కడికి పోతుంది! జిల్లా ఆసుపత్రిలో డాక్టరమ్మ కాళ్లు వంచి చూసి, గీకి చూసి, "లోపమేమీ లేదు, ఆగండి" అంది. ఆగారు. రెండో పుట్టినరోజు కూడా కూర్చునే చేసుకుంది పిల్ల. ఊల్జాన్ రోజూ సాయంత్రం మంద దింపుకొచ్చాక పిల్ల అరికాళ్లకు గొర్రె కొవ్వు రాస్తూ చీకటి పడేదాకా గుమ్మంలోనే కూర్చునేది. అది నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

ఒకరోజు వాళ్లింట్లో టీ తాగుతుంటే కాలిపా దారం మాట ఎత్తింది.

"ఇక ఆగను. దారం కట్టేస్తాను. నడవకపోతే నడిపించే మనిషినే తెస్తాను."

"నేనున్నాగా" అంది షారీపా.

"నీ నడక వస్తే పిల్ల కూర్చున్నచోటే నయం వదినా" అంది కాలిపా. షారీపా నూనెలో వేయించిన బోర్సోక్ ముక్క నోట్లో పెట్టుకుని నవ్వింది, కోపం రాలేదు. కాలిపా మాత్రం నవ్వలేదు. "తల్లి తన పిల్ల దారం కోయకూడదు. రెండేళ్లు కూర్చున్న పిల్లను లేపాలంటే మామూలు కాళ్లు చాలవు. నా కోడల్ని ఓడించిన మనిషి కావాలి."

"అలాంటి మనిషి ఈ జిల్లాలో లేదు, నీకూ తెలుసు" అన్నాను.

ఊల్జాన్ నా గిన్నెలో టీ పోస్తూ, "ఉంటుంది పెద్దమ్మా. వెతుకుతాను" అంది.

మందలు పై మేతల నుంచి దిగిన కాలంలో పట్నం నుంచి తిలెక్ అనే అతను కొంతమందిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎర్రకొండల మీదుగా పరుగు పందెం పెడతారట. మా సందులో మొదలై, కనుమ దాటి, చుట్టూ తిరిగి మళ్లీ మా సందులోకే. ఊరికే కొండెక్కి దిగడానికి బస్సుల్లో మనుషులు వస్తారంటే షారీపా నమ్మలేదు. ఊల్జాన్ అడిగింది ఒకటే.

"ఆడవాళ్లు వస్తారా?"

"వస్తారక్కా. గట్టివాళ్లే వస్తారు."

"అయితే నా పేరూ రాసుకో తమ్ముడూ."

దారి తెలియడానికి వాళ్లు ముళ్లపొదలకు ఎర్ర రిబ్బన్లు కట్టుకుంటూ వెళ్లారు. కొండ మధ్యలో దారి రెండుగా చీలుతుంది. ఎడమకు కనుమ. కుడికి ఇరుకు లోయ, దాని చివర ఊట. మొక్కుకున్నవాళ్లు అక్కడి పొదలకు గుడ్డపీలికలు కట్టి వస్తారు. లోయకు అవతల దారి లేదు, గోడలాంటి కొండే. పందేనికి ముందురోజు కాలిపా మనవరాలి కాళ్ల కోసం మొక్కు కట్టడానికి ఊటకు బయలుదేరింది. పొద పొదకూ కొత్త ఎర్రగుడ్డ కనిపించింది. ఎవరో గొప్ప మొక్కే మొక్కుకున్నారు, ఈ ఏడు ఊటకు ఎరుపే ఇష్టమైనట్టుంది అనుకుంది. వెనక్కి వచ్చి ఇంట్లో పాత ఎర్ర కర్టెన్ చింపి, చీలిక దగ్గర నుంచి ఊట దాకా ఒక్క పొద వదలకుండా కట్టి వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. మొక్కు చెప్పకూడదు కదా.

కొండ మీద జరిగింది నేను చూడలేదు. తర్వాత ఊల్జాన్‌నూ, పందేనికి వచ్చిన ఇంకొకామెనూ విడివిడిగా కూర్చోబెట్టి అడిగాను, రెండు కథలూ కలిశాయి కాబట్టి రాస్తున్నాను.

పందెం మొదలైనప్పుడు ఊల్జాన్ కావాలనే వెనక ఉండిపోయింది. ముందుంటే ఎవరెలా పరుగెత్తుతున్నారో కనిపించదు. సంతలో గుర్రాన్ని చూసినట్టు ఒక్కొక్కరినీ చూసుకుంటూ వెళ్లింది. ఒకామె ఎక్కేటప్పుడు ఆయాసపడుతోంది, ఒకామె రాయి కనిపిస్తే ఆగుతోంది. చివరికి అందరికన్నా ముందున్న గుంపులో ఒక సన్నటి మనిషి మీద కన్ను నిలిచింది. నలభై దాటిన కజక్ ఆవిడ. పేరు రౌషన్, వాళ్ల ఊరి పోస్టాఫీసులో ఉద్యోగం. రాళ్ల మీద అడుగు పడితే చప్పుడు లేదు. ఈమే, అనుకుంది ఊల్జాన్, వెంటపడింది.

చీలిక దగ్గరికి వచ్చేసరికి ఎడమ దారిలో దుమ్ము మీద కొత్త అడుగు ఒక్కటీ లేదు. అన్నీ కుడికే వెళ్లాయి. తలెత్తి చూస్తే పొదల మీద తన ఇంటి కర్టెన్, ఆకుల బొమ్మలతో సహా. మొక్కు గుడ్డ విప్పకూడదు. అందుకని కుడి దారికి అడ్డంగా రాళ్లు పేర్చి, వెనక వచ్చేవాళ్లకు ఎడమ దారి చూపించి, లోయలోకి పరుగెత్తింది. ఊట దగ్గర నలుగురు మగవాళ్లు ఫోను పట్టుకుని పోట్లాడుకుంటున్నారు. రౌషన్ మాత్రం దోసిట నీళ్లు తాగుతోంది.

"ఇటు దారి లేదు, వెనక్కి రండి. ఈ గుడ్డలు మా అత్తమ్మ కట్టింది" అంది ఊల్జాన్.

"మీ అత్తగారికి మా మీద పగేమైనా ఉందా?" అన్నాడు ఒకాయన.

"మీ మీద కాదన్నా. మనవరాలు నడవాలని."

వెనక్కి పరుగెత్తుతూ రౌషన్ సంగతంతా అడిగి తెలుసుకుంది.

"అయితే నేను నిన్ను ఓడించాలా?"

"ఓడించాలి అక్కా. కానీ నేను ఊరికే వెనకపడను. అలా కోసిన దారం దారం కాదు."

"వెనకపడితే నేను కత్తే ముట్టను" అంది రౌషన్.

కనుమ దాకా ఇద్దరూ పక్కపక్కనే ఎక్కారు. దిగేచోట జారుడు రాళ్ల వాలు. అది ఊల్జాన్ ఇల్లులాంటిది. మడమలు గుచ్చి, రాళ్లతో పాటే జారుకుంటూ దిగిపోయింది. రౌషన్ తొడలు బిగబట్టి, ఒక్కో అడుగే వేసుకుంటూ ఎక్కడో పైన ఉండిపోయింది. ఊల్జాన్ ఆగలేదు. ఆగాలని అనిపించింది, ఆగితే మాట తప్పినట్టవుతుందని ఆగలేదు. వాలు అయిపోయాక ఉప్పునేల మొదలైంది, కొండకూ మా ఊరికీ మధ్య ఉన్న చదును. అక్కడ మొదలుపెట్టింది రౌషన్. చదును నేల మీద ఆమె పరుగు వేరు.

సందు మొదట్లో మేమంతా టీ గిన్నెలు పట్టుకుని నిలబడ్డాం. మగవాళ్లు కొందరు వచ్చేశారు. ఆ తర్వాత దుమ్ములో ఇద్దరు ఆడవాళ్లు. మా ఊల్జానే ముందు. షారీపా గేటు దగ్గరికి వచ్చేసరికి రౌషన్ పక్కకు వచ్చింది, బావి దగ్గర దాటేసింది. ఊల్జాన్ పళ్లు బిగించి పరుగెత్తింది, నేను చూశాను, ఆమె మెడనరాలు ఉబ్బాయి. అయినా అందుకోలేదు.

షారీపా తలగుడ్డ చివరతో ఊల్జాన్ మొహం తుడుస్తూ, "పోనీలే తల్లీ, ఏడవకు" అంటుంటే, ఊల్జాన్ ఆమె చేతులు పట్టుకుని ఊపేసింది.

"ఓడిపోయాను వదినా! పెద్దమ్మా, ఓడిపోయాను!"

ముందుగా వచ్చిన మగవాళ్ల మాటలు విన్న కాలిపా కంగారుగా అడిగింది. "అదంతా సరే, వీళ్లు నా ఊట దగ్గరికెందుకు పోయారు?"

"నీ కర్టెన్ చూసి అత్తమ్మా."

కాలిపా రౌషన్ చేతికి టీ గిన్నె ఇచ్చింది. "మంచిదే. ఆ నీళ్లు తాగొచ్చారు."

రౌషన్‌ను ఆ రాత్రికి వాళ్లింట్లోనే ఉంచారు. పొద్దున గొర్రె కోశారు, చుట్టాలు వచ్చారు, పొయ్యి మీద మాంసం ఎక్కింది. అప్పుడు బయటికి వచ్చింది రౌషన్. గుమ్మానికి రెండే మెట్లు. గోడ పట్టుకుని, వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగింది. జారుడు వాలు ఆమె తొడల్ని కర్రలు చేసేసింది. మోకాలు వంగదు. ఊల్జాన్ పరుగెత్తుకొచ్చి ఆమె మోచేయి పట్టుకుంది.

"ఇంకో రోజు పెట్టుకుందాం అక్కా."

"మధ్యాహ్నం బస్సుకు వెళ్లాలి. పరుగెత్తుతాను, దారం కట్టు" అంది రౌషన్.

సందు చివర మేమంతా వరసలో నిలబడ్డాం, నాతో సహా. అటు చివర ఊల్జాన్ పిల్లను చంకల కింద పట్టుకుని నిలబెట్టింది. కాలిపా చేయి ఊపింది. రౌషన్ కదిలింది. కాళ్లు ఎడంగా పెట్టి, నడుము అటూ ఇటూ ఊపుతూ, అడుగడుక్కీ "అబ్బా" అంటూ. మేం ఎవరమూ ముందుగా అనుకోలేదు, ఒట్టు. అయినా ఒక్కరి అడుగూ పెద్దది పడలేదు. సందంతా ఆమె వెనక పెళ్లి ఊరేగింపులా సాగింది. మూలింటి కొత్తకోడలికి మాత్రం అర్థం కాలేదు, గువ్వలా ముందుకు దూకింది. షారీపా దాని తలగుడ్డ చివర పట్టి లాగింది.

"ఎక్కడికే తల్లీ, పొయ్యి మీద పాలు పెట్టొచ్చావా?"

రౌషన్ వెనక్కి తిరిగింది. "ఇదేం పరుగు? సరిగ్గా పరుగెత్తండి!"

"మా పరుగింతే అమ్మా, వయసు మీద పడింది" అన్నాను.

"నాకు మోకాళ్లు" అంది షారీపా.

"నాకేం లేదు" అంది కొత్తకోడలు.

"వస్తుంది, ఆగు" అంది షారీపా.

రౌషన్ నడిసందులో ఆగిపోయింది. "ఇలాగైతే నేను కోయను."

అటు నుంచి ఊల్జాన్ అరిచింది. "అక్కా! నువ్వు నన్ను నిన్ననే ఓడించావు. నిజంగానే ఓడించావు. ఇవాళ వచ్చి కోస్తే చాలు, రా!"

రౌషన్ వెళ్లింది. వంగలేక, ఇద్దరు పట్టుకుంటే వంగి దారం కోసింది. పిల్ల చేతులు పట్టుకుని నాలుగు అడుగులు వేయించింది. "అబ్బా" అన్నప్పుడల్లా బెగాయ్ తలెత్తి ఆమె మొహంలోకి చూసింది. చేతులు వదిలింది రౌషన్. బెగాయ్ చతికిలబడింది.

"దారం తెగింది కదా, మాంసం చల్లారిపోతుంది, పదండి" అంది కాలిపా. ఊల్జాన్ పిల్లను ఎత్తుకుని అందరికీ వడ్డించింది. తను మాత్రం ముద్ద ముట్టలేదు. బస్సు దాకా రౌషన్ సంచి మోసుకెళ్లింది.

తొలి మంచు పడి కరిగిన పొద్దున నేను కిటికీ దగ్గర పిండి పిసుకుతున్నాను. బెగాయ్ గేటు పలక పట్టుకుని నిలబడి ఉంది. చేయి వదిలింది. మోకాళ్లు వంచకుండా, కాళ్లు ఎడంగా పెట్టి, నడుము అటూ ఇటూ ఊపుతూ, ఒక్కో అడుగుకూ ఆగుతూ షారీపా గేటు వైపు బయలుదేరింది. పిండి చేతులతోనే వీధిలోకి పడ్డాను.

"ఊల్జాన్! కాలిపా! రండే, రండి!"

ఊల్జాన్ కొట్టంలోంచి గడ్డిమోపుతో వచ్చింది. మోపు అక్కడే జారిపోయింది. నోటి మీద చేయి పెట్టుకుని నిలబడిపోయింది. కాలిపా వచ్చి, కళ్లు చికిలించి చూసి, మొదట కళ్లు తుడుచుకుంది. తర్వాత మొదలుపెట్టింది.

"ఇదేం నడకే? నేనడిగింది నిన్ను ఓడించిన మనిషి నడక. వచ్చింది మెట్లు దిగలేని మనిషి నడక!"

"రౌషన్ అక్కకు ఆ నొప్పులు వారంలో తగ్గాయట అత్తమ్మా. ఫోన్‌లో చెప్పింది. దీనికీ తగ్గుతాయిలే" అంది ఊల్జాన్.

బెగాయ్ షారీపా గేటు దాకా వెళ్లి కూలబడింది. మేమంతా ఎత్తబోతే ఊల్జాన్ చేయి అడ్డం పెట్టింది. పిల్ల బురదలో చేతులానించి, పిర్ర పైకెత్తి, తనంతట తనే లేచి నిలబడి, బావి వైపు సాగింది.