ముఖాలన్నీ బండ వైపే

ముప్పై ఏళ్ళు రాళ్ళు కొట్టి బతికిన మనిషిని, రాయిని కొట్టిందన్న నేరం మీద ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ మనిషి మా పెద్దమ్మ, అమ్మకి సొంత అక్క. కొట్టింది కూడా అరచేతిలో ఇమిడే సుత్తితో, పక్కింటి తలుపు తట్టినంత మెల్లగా.

అప్పటికి ఆమె క్వారీ మానేసి మా ఊరు వచ్చి, ఊరి చివర పాతరాళ్ళ దగ్గర ఊడ్చే పనిలో కుదిరింది. అక్కడ కొండవాలు మీద నలభై ఒక్క రాళ్ళు వరుసగా నిలబడి ఉంటాయి. కొన్ని నడుమెత్తు, కొన్ని రెండు నిలువులు. అక్షరాలు పుట్టకముందు మనుషులు వాటిని నిలబెట్టారని గేటు దగ్గర బోర్డు చెబుతుంది. ఎందుకు నిలబెట్టారో చెప్పదు. వరుస కొంచెం వంపు తిరిగి, గేటు నుంచి పైకి, పెద్దబండ దాకా పోతుంది. పెద్దబండ అంటే చూడ్డానికి రెండు బండలు, ఒకదాని మీద ఒకటి కూర్చున్నట్టు. రెండూ కలిపి మూడంతస్తుల ఇల్లంత ఉంటాయి. ఎండాకాలం మధ్యాహ్నం కూడా వాటి సందులోంచి చల్లటి గాలి వస్తుంది.

పనిలో చేరిన మొదటి రోజు పెద్దమ్మ ఆ వరుసని చూసి, ఎవరో ఆర్డరిచ్చి, లారీ తెచ్చి తీసుకుపోని సరుకు అనుకుంది. క్వారీలో తీసిన పలకలని అలాగే నిలబెడతారు. ప్రతి పలకకీ ముఖమూ వీపూ ఉంటాయి. ఎండా వానా తిని నునుపు తేలిన వైపు ముఖం. కొండ నుంచి ఊడివచ్చిన గరుకు వైపు వీపు. కొనేవాడు చూసుకోవడానికి ముఖాలన్నీ ఒకే వైపు తిప్పి పెడతారు. ఇంత సరుకు వదిలేసి పోయాడు, పాపం ఆ మనిషి ఏమయ్యాడని గేటు కాపలా ఆయన్ని అడిగిందట. ఆయన, పోయి మూడు వేల ఏళ్ళయిందమ్మా అన్నాడట. మా ఇంట్లో ఎవరైనా గొడుగో సంచో మరిచిపోయి వెళ్తే, "పెద్దమ్మ లారీ ఇంకా రాలేదు" అని ఇప్పటికీ ఏడిపిస్తాం.

ఒక రోజు కొలతలు తీసుకోవడానికి ప్రొఫెసర్ ఒకాయన వచ్చాడు. నలభై ఒకటీ మనుషులు పాతినవేనని రాసుకుంటూ ఉంటే, చీపురు పట్టుకుని ఉన్న పెద్దమ్మ, వాటిలో నాలుగు పాతినవి కావు సార్ అంది. నీకెలా తెలుసన్నాడు. ఆమె అన్నం సంచిలోంచి సుత్తి తీసి చూపించింది. క్వారీలో ఆమె పనే అది. మేకు దిగ్గొట్టేముందు రాయిని తట్టి వినాలి. కొండ నుంచి విడిపడిన రాయి పలుకుతుంది, కాల్చిన కుండలాగా. కొండలో పాతుకుని ఉన్న రాయి దెబ్బని మింగేస్తుంది. దాన్ని తల్లిని వదలని రాయి అంటారు. ముప్పై ఏడు పలికాయి. నాలుగు మింగేశాయి. పెద్దబండ కూడా మింగేసింది. ప్రొఫెసర్ అన్నీ రాసుకున్నాడు, మళ్ళీ మళ్ళీ తట్టించుకున్నాడు, ఆమె ఫ్లాస్కులో టీ సగం తాగాడు. వారం తర్వాత కాగితం వచ్చింది. ప్రాచీన కట్టడాలని ఇనప పరికరంతో కొట్టినందుకు పనిలోంచి తొలగించడమైనది.

నేను పుస్తకాలకి బైండింగ్ చేసే షాపులో పనిచేస్తాను. చేతికి వచ్చినదంతా చదువుతాను. నా చదువంతా అదే. చాలా పుస్తకాలకి నాకు మధ్య పేజీలే తెలుసు, మొదటివీ చివరివీ పక్క బల్ల మీదికి పోతాయి. ఆరు నెలల తర్వాత ఆ ప్రొఫెసర్ నివేదికే పన్నెండు కాపీలుగా మా బల్ల మీదికి వచ్చింది. మూడో అధ్యాయం పేరు శబ్ద పరీక్ష. ముప్పై ఏడు, నాలుగు, లెక్క అదే. పెద్దమ్మ గురించి ఒక్క అక్షరం లేదు. ఒళ్ళు మండి ఒక కాపీని అట్టకి తలకిందులుగా కుట్టాను. ఈ రోజుకీ ఎవరూ అడగలేదు. తెరిచి చూసినవాడు ఉంటే కదా.

ఈసారి మాత్రం చివరి పేజీ కూడా చదివాను. అందులో మ్యాపు ఉంది. కొత్త కంచె గీత నలభై ఒక్క రాళ్ళనీ చుట్టి, అక్కడ ఆగిపోయింది. పెద్దబండ గీత బయట ఉంది. సహజ శిల, రక్షణ అవసరం లేదు అని రాశారు. గీత అవతల కొండంతా కంకర క్రషర్‌కి ఇస్తున్నారు. అప్పటికే ఆ కొండ రెండో భుజాన్ని క్రషర్ తినేసింది.

టైర్ల షాపు వెనక పెద్దమ్మది ఒక్క గది. నేను వెళ్ళేసరికి చిక్కుడుకాయలు ఒలుస్తోంది. తన పేరు లేదంటే తల కూడా ఎత్తలేదు. మ్యాపు సంగతి చెప్పాక చెయ్యి ఆగింది.

"బండని వదిలేశారా?"

అది మనుషులు పెట్టింది కాదని వాళ్ళకి చెప్పింది తనే. చిక్కుడుకాయలు అలాగే ఉండిపోయాయి.

అభ్యంతరాలు ఉన్నవాళ్ళు ఫలానా రోజు రాళ్ళ దగ్గరికే వచ్చి చెప్పుకోవచ్చని గేటుకి నోటీసు అంటించారు. ఆ ఉదయం బస్సులో ఆమె పక్కన కూర్చుని నాకు తోచిన ఉపాయం చెప్పాను.

"ఆ రోజు సరిగ్గా వినలేదను. బండ పలికిందని చెప్పు. పలికితే మనుషులు పెట్టినట్టే, కంచె జరుపుతారు."

"పలకలేదుగా."

"ఎవడికి తెలుసు పెద్దమ్మా? సాక్ష్యం నీ చెవులే."

"అందుకేరా. దాన్ని పలికించానంటే, పలికిన ముప్పై ఏడింటి మాట ఎవడు నమ్ముతాడు?"

నాకు కోపం వచ్చింది. నిజం చెప్పి ఉద్యోగం పోగొట్టుకుంది, అదే నిజం చెప్పి ఇప్పుడు బండనీ పోగొట్టబోతోంది. మిగతా దారంతా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

గేటు దగ్గర సర్వే అధికారి మ్యాపు పరుచుకుని ఉంది. నలభై దాటని మనిషి, మాట తక్కువ. ప్రొఫెసర్ ఉన్నాడు. క్రషర్ మేనేజరు ఫోన్‌లో ఉన్నాడు. పెద్దమ్మ వంతు వచ్చాక అధికారి ఒకటే అడిగింది, ఆ బండ సహజంగా ఏర్పడినదేనా అని.

"అవును మేడమ్. తల్లిని వదలని బండ. ఎవరూ పెట్టింది కాదు."

మేనేజరు ఫోన్ జేబులో పెట్టుకుని నవ్వాడు.

"కానీ మీరు వీపుల వైపు నిలబడి అడుగుతున్నారు. ఒక్కసారి ముఖాల వైపుకి రండి" అంది పెద్దమ్మ.

దారి వరుస సగంలోనే ఆగిపోతుంది. చూడవచ్చినవాళ్ళు అక్కడ ఫొటోలు దిగి వెనక్కి పోతారు. ఆ పైన ముళ్ళపొదలే. ప్రొఫెసర్ మోకాలు నొప్పన్నాడు. కొలతలు తీసినప్పుడు కూడా ఆయన సగం దాకానే వచ్చాడనీ, తను కిందే నిలబడి పై రాళ్ళని ఆమె చేత తట్టించుకున్నాడనీ నాకు అప్పుడు తెలిసింది. పెద్దమ్మ చీర చెంగు దోపుకుని ముందు నడిచింది, వెనక అధికారి, ఆ వెనక నేను. పెద్దబండ కిందికి చేరాక, దానికి వీపు ఆనించి కిందికి చూడమంది.

చూశాను. ఆ రాళ్ళని చిన్నప్పటి నుంచి ఎరుగుదును. వాటి మధ్య దాగుడుమూతలు ఆడాను. అయినా ఎరగనని అప్పుడు తెలిసింది. కింది నుంచి గరుకుగా, పొక్కులు లేచినట్టు కనిపించే రాళ్ళు పైనుంచి నునుపుగా ఉన్నాయి. వాలంతా పొడుగూ పొట్టీ ముప్పై ఏడు ముఖాలు, ఒక్కటి కూడా పక్కకి తిరగకుండా, మా వైపే చూస్తున్నాయి. మా వైపు కాదు, మా వెనక ఉన్నదాని వైపు. నా వీపుకి బండ చల్లగా తగులుతోంది. నాకు తెలియకుండానే పక్కకి తప్పుకున్నాను, ఎవరికో అడ్డం నిలబడ్డట్టు అనిపించి.

అధికారి పక్కనున్న రాయి ముఖం మీద చెయ్యి వేసి నిమిరింది. చుట్టూ తిరిగి వీపు నిమిరింది. ఇంకో రాయి దగ్గరికి వెళ్ళింది. ఆ తర్వాత ఇంకోటి.

"మేం సరుకు ముఖం కొనేవాడి వైపు పెడతాం మేడమ్" అంది పెద్దమ్మ. "వీళ్ళూ అదే చేశారు. ఎవరి కోసం పెట్టారో ఆయన ఇక్కడ కూర్చుని ఉన్నాడు. ఆయన్ని కంకర కొట్టేస్తే వీళ్ళు ఎవరి ముందు నిలబడ్డట్టు?"

పలకని ఆ నాలుగు రాళ్ళనీ వేలితో చూపించింది. అవి వరుసలో దూరదూరంగా ఉన్నాయి. వాటిని కొండే పెట్టుకుందంది. అవి బండ వైపుకి బారుగా మొలిచి ఉండటం ఎవరి కంటనో పడి ఉంటుంది, మధ్య ఖాళీలు వాళ్ళు పూరించారంది. కొండ మొదలుపెట్టి వదిలేసిన పనిని మనుషులు పూర్తి చేశారు. అన్నిట్లోకీ పెద్ద రాయిని చూపి, గునపాలూ తాళ్ళూ దుంగలూ ఇచ్చి నూరుమందిని అప్పగించినా ఆ పనికి తాను ఒప్పుకోనంది. లాగడం ఒక ఎత్తు, నిలబెట్టాక ముఖం ఇటు తిప్పడం ఇంకో ఎత్తట. పేరు కూడా మిగలని మనుషులు ముప్పై ఏడుసార్లు ఆ పని చేశారు. ఇది ప్రొఫెసర్‌కి ఎందుకు చెప్పలేదని అధికారి అడిగితే, ఆయన ఎన్ని అనే అడిగారు మేడమ్, ఎందుకని అడగలేదు అంది.

అధికారి అక్కడే మ్యాపు విప్పి, బండకే ఆనించి, పెన్సిలుతో కొత్త గీత గీసింది. మూడు నెలలకి కంచె వచ్చింది, పెద్దబండని కూడా చుట్టి. రెండో భుజం వైపు నుంచి క్రషర్ మోత ఇప్పటికీ వినిపిస్తుంది. పోయిన భుజం పోయింది, క్రషర్ ఇంక ఇటు రాదు.

పెద్దమ్మకి ఉద్యోగం తిరిగి ఇవ్వలేదు. గేటు దగ్గర కొత్త బోర్డు పెట్టారు. నిపుణుల సూక్ష్మ పరిశీలనలో రాళ్ళ ముఖాలన్నీ బండ వైపే ఉన్నట్టు తేలింది అని అందులో ఉంది. అది చదివి తిన్నగా ఆమె గదికి వెళ్ళాను. నేను ఆమెని ప్రాణంతో చూడటం అదే ఆఖరు. అర్జీ పెడదామన్నాను, ప్రొఫెసర్ పేరుతో సహా అంతా రాస్తానన్నాను. చాలాసేపే అరిచి ఉంటాను. ఆమె నా ఆవేశం చల్లారే దాకా ఆగి అంది:

"అర్జీ తర్వాత పెడుదువుగాని. పైనుంచి రెండో రాయి కింద మన్ను జారిపోతోందిరా, మొన్న కంచె బయటి నుంచి చూశాను. వానలు పడకముందే కిందికి చిన్నరాళ్ళు గట్టిగా కూరమని వాళ్ళకి చెప్పు. నా పేరు మాత్రం ఎత్తకు, వినరు."