కన్నడంలో అన్నం అడిగితే మా అమ్మకు వినపడేది కాదు

మా చిన్నప్పుడు... బడి నుంచి వచ్చీ రాగానే సంచి మూలకు విసిరేసి "అమ్మా, ఊట!" అని అరిచేవాణ్ణి. బడిలో కన్నడం, వీధిలో కన్నడం... నోటికి అదే వచ్చేసేది.

రాట్నం మీద కండెలకు దారం చుడుతున్న మా అమ్మ తల కూడా ఎత్తేది కాదు.

"ఏమోప్పా... మగ్గం సద్దులో ఏమీ ఇనపల్లేదు."

ఇంకా గట్టిగా అరిచినా అంతే. అదే "అన్నం పెట్టమ్మా" అని గొణిగినా చాలు, మగ్గం ఎంత మోగుతున్నా సరే వినపడిపోయేది! మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్న నాయన మీసాల్లో నవ్వుకునేవాడు.

బెంగళూరు పాత పేటలో మాది నేతపని ఇల్లు. ఎన్ని తరాల కిందట వచ్చామో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా తెలుగుకు పలక లేదు, పుస్తకం లేదు... అమ్మకు అక్షరం ముక్క రాదు. మరి నాకెలా వచ్చింది? పడుగు అతికేటప్పుడు, అంటే మగ్గానికి నిలువు పోగులు కలిపేటప్పుడు వచ్చింది.

నేసిన బట్ట కోసేశాక పాత దారాల కొసలు దువ్వెనలా ఉండే అచ్చులోనే వదిలేస్తారు. వేళ్ళకు బూడిద అద్దుకుని ఒక్కో పాత కొసకు ఒక్కో కొత్త పోగు మెలిపెట్టాలి. నేను అందించాలి, అమ్మ మెలిపెట్టాలి. లెక్కలేనన్ని పోగులు... అంతసేపూ నోరు ఊరుకుంటుందా? పొడుపుకథలు, సామెతలు, పక్కింటి వాళ్ళ మీద ఎగతాళి... అన్నీ అక్కడే. పొడుపుకథ విప్పలేకపోతే "నీ బుర్రలో ఏముండాదప్పా, గంజి ఉండాదా?" అనేది.

ఒకసారి గాలిపటానికి దారం దొరక్క, వేలాడుతున్న ఆ కొసలు పనికిరానివనుకుని కత్తెరతో కత్తిరించి, అచ్చులోంచి లాగేశా... నాయన కొట్టలేదు. కొడితే బాగుండేది. రెండు రోజులు ఒక్కో పోగూ మళ్ళీ అచ్చులో దూరుస్తూ కూర్చున్నాడు. అమ్మ అన్న మాట ఇంకా చెవిలో ఉంది...

"కొస ఉంటే ఎన్ని పడుగులైనా అతకచ్చప్పా. కొస పోతే మళ్ళా మొదుట్నుంచే."

సరే... ఇంత ఎందుకు చెప్తున్నానంటే, కడుపు మండి చెప్తున్నా.

మారతహళ్ళిలో నాది చిన్న మ్యాచింగ్ సెంటర్... ఫాల్స్, లైనింగులు, దారాలు. మా పాప హర్షిత మూడో తరగతి. పిల్లల నోట తెలుగు పోతోందని నేనే తెలిసినవాళ్ళను పోగేసి ఆదివారం తెలుగు క్లాసు పెట్టించా. హాలు నేనే మాట్లాడా, అక్షరాల చార్టులు నేనే అంటించా. బ్రూక్‌ఫీల్డ్ నుంచి ఒక మేడం ఊరికే వచ్చి చెప్తారు. మంచావిడే, అబద్ధం చెప్పకూడదు.

మొదటి రోజు మా అమ్మ మంచి చీర కట్టుకుని, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"నేనూ వస్తానప్పా. బిడ్డలకు పొడుపుకథలు చెప్తా."

"నువ్వేం చేస్తావమ్మా అక్కడ? నీకు అక్షరాలు రావు కదా" అన్నా.

ఎంత తేలిగ్గా అనేశానో... ఆమె చెప్పులు విప్పేసి లోపలికి వెళ్ళిపోయింది.

పోయిన నెల మేడం ఇంటిపని ఇచ్చారు... ఇంట్లో వస్తువుల పేర్లు పది రాసుకురమ్మని. పాప అవ్వనే అడిగింది. ఆ పూట చూడాలి మా అమ్మ సంబరం! అటక మీద నుంచి పాత సామానంతా దింపించింది. కండె, కండె పెట్టి విసిరే నాడె, గంజి వార్చే సిబ్బి, మంకరి గంప... ఒక్కోటి చేతికిచ్చి పేరు చెప్పింది.

తర్వాతి ఆదివారం కాగితం తిరిగొచ్చింది. ఆరు మాటల చుట్టూ ఎర్ర సున్నాలు. పక్కన "పుస్తకంలో లేవు" అని.

"అవ్వా, నీ తెలుగు రాంగ్ అంట. మిస్ చెప్పినారు" అంది పాప. దానికేం తెలుసు పాపం.

ఆ రోజు నుంచి అమ్మ పాపతో కన్నడమే. నేను గమనించి అడిగితే...

"సదువుకునే బిడ్డప్పా. నా మాటలు నేర్చి మార్కులు పోగొట్టుకుంటే? నా నోట్లో ఉండేదంతా తప్పే ఉండాది."

నాకు తల కొట్టేసినట్టైంది. మేడం దగ్గరికి వెళ్ళి, మా అమ్మకు వారానికి ఒక్క అరగంట ఇవ్వండి అని అడిగా.

"పిల్లలు కన్‌ఫ్యూజ్ అవుతారండీ. ముందు సిలబస్ అవనివ్వండి, తర్వాత చూద్దాం."

సిలబస్ అయ్యేదెప్పుడు? మా అమ్మకు డెబ్బై తొమ్మిది! పిల్లలకు గుణింతాలు గడగడా వచ్చేశాయి, దాహం వేస్తే మాత్రం ఇంగ్లీషులో అడుగుతున్నారు. మేడం మీద కోపం సగమే... మిగతా సగం నా మీదే. కొస కత్తిరించింది ఎవరు? చిన్నప్పుడూ నేనే, ఇప్పుడూ నేనే.

అమ్మనే బతిమాలా. "ఈ ఆదివారం నువ్వు రామ్మా. ఎవరేమంటారో నేను చూసుకుంటా."

"ఆ పొద్దు వస్తానంటే వద్దంటివి కదప్పా" అంది. అంతే... టీవీ వైపు తిరిగింది.

నిన్న నేను షాపు నుంచి వచ్చేసరికి పాప పుస్తకం ముందేసుకుని అఆలు దిద్దుతోంది. తల ఎత్తకుండానే "అవ్వా, ఊట!" అంది.

అమ్మ మోకాళ్ళు పట్టుకుని వెంటనే లేచింది. "బందే పుట్టీ, బందే" అని, వస్తున్నానని కన్నడంలోనే చెప్తూ వంటింట్లోకి నడిచింది.

ఇప్పుడు మా అమ్మకు బాగా వినపడుతోంది...

మీ ఇంట్లో ఇంకా పాత కొస పట్టుకుని కూర్చున్న పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే, ఈ రోజే వాళ్ళ పక్కన కూర్చోండి. వాళ్ళ నోటి మాట ఒక్కటి కింద రాయండి... ఇక్కడ ఎవరూ ఎర్ర సున్నా చుట్టరు.