మస్తానప్ప దాటిన నల్ల గీతలు

కాళ్లు కదలని మనిషికి వాతలు పెట్టే ముందు, అతను ఏ నేల మీద నిలబడ్డాడో మీరెప్పుడైనా చూశారా? డాక్టర్నై ఉండి నేనూ చూడలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడాది. జమ్మలమడుగులో ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. దూది ఏకే మస్తానప్పను భార్య ఖాసింబీ తీసుకొచ్చింది. అడుగు నేలకు అతుక్కుపోతుందని చెప్పింది. మా వరండాలో మాత్రం అతను ఆ చివరిదాకా నడిచాడు. చేతి వణుకు వయసుదనుకుని, "జబ్బు లేదు" అని చీటీ రాసిచ్చాను.

వారం తిరక్కముందే ఖాసింబీ ఒంటరిగా వచ్చింది.

"నీ ఆస్పత్రిలో పెండ్లికొడుకు మాదిరి నడిచినాడు సారూ. ఇంట్లో గుంజ మాదిరి నిలబడిపోతాండాడు. డాక్టరే జబ్బు లేదన్నాక దెయ్యం గాక ఇంకేందని మా బావ ఈ పొద్దు అరికాళ్లకు వాతలు పెట్టిస్తాండాడు."

అంటే మూఢనమ్మకానికి సాక్ష్యం నా చీటీయే. వెంటనే ఆమెతో బయల్దేరాను.

ఇంట్లో దూదిపోగులు ఎండలో కలలోలా తేలుతున్నాయి. మూలన ఇంకా రాజేయని బొగ్గులు, ఇనుప కడ్డీ, వాటి పక్కన అన్న హుసేనప్ప. నున్నగా అలికిన మట్టినేల మధ్య మస్తానప్ప నిలబడి ఉన్నాడు. పాదాలు వణుకుతున్నాయే తప్ప లేవడం లేదు. తలుపు దగ్గర తడిక నీడలు చారలుగా పడ్డాయి. అతని చూపంతా వాటి మీదే.

"ఆడిదాకా పట్టుకోని పో సారూ. ఆన్నుంచి నేనే పోతా."

పట్టుకుని తీసుకెళ్లి వదిలాను. ఒక్కొక్క చారనూ, నిద్రలో వాగు దాటుతున్నట్టు, మెల్లగా దాటుకుంటూ గడప దాకా వెళ్లాడు.

అప్పుడు మా వరండా గుర్తొచ్చింది. అక్కడ పరిచినవి నాపరాళ్లు. రాయికీ రాయికీ మధ్య, అడుగుకో గీత.

సున్నం అడిగి నేలంతా అడ్డగీతలు గీశాను. మస్తానప్ప నడిచాడు. హుసేనప్ప మాత్రం నమ్మలేదు.

"దెయ్యం సున్నానికి బెదిరినట్టుండాదే."

"అయితే నువ్వే బొగ్గుతో గీయప్పా."

సున్నం తుడిపించాను. అడుగు ఆగిపోయింది. వాతల కోసం తెచ్చిన బొగ్గుతోనే హుసేనప్ప నల్లగీతలు గీశాడు. తమ్ముడు వాటినీ దాటాడు. హుసేనప్ప కడ్డీని పెరట్లో పారేసి వచ్చాడు.

ఆ జబ్బు పేరు పార్కిన్సన్. అడుగు అతుక్కుపోవడాన్ని మేం ఫ్రీజింగ్ అంటాం. ఆలోచించకుండా నడిపించే దారి మెదడులో సన్నగిల్లుతుంది. కంటికి గీత కనిపిస్తే మెదడు ఇంకో దారి వెతుక్కుంటుంది. వణుకు తగ్గలేదు, జబ్బు పోలేదు. కానీ ఇల్లు అలికినప్పుడల్లా ఖాసింబీ గీతలు గీసేది, మస్తానప్ప పెరట్లోకి తనంతట తానే నడిచి వెళ్లేవాడు.

మీ ఇంట్లో అడుగు పడక నిలబడిపోయిన పెద్దాయన ఉన్నారా? దెయ్యమన్నవాడి మాటైనా, జబ్బు లేదన్న నాలాంటివాడి చీటీ అయినా పక్కన పెట్టండి. ఒక బొగ్గు ముక్క తీసుకుని ఇప్పుడే ఆయన పాదాల ముందు గీత గీయండి.