గుంట నేను చూస్తా

“తల ఎత్తకండి మావయ్యగారూ” అనేలోపే ఎత్తేశారు. గోల్ఫ్ బంతి గుంట దాటిపోయి రొయ్యల చెరువులో పడింది.

కృత్తివెన్నులో మేం కాపలా ఉన్న చెరువుల ఓనరాయన, చుట్టరికం లేకపోయినా మావయ్యగారనే పిలిచేదాన్ని. గట్టు మీదే గుంట పెట్టుకుని గోల్ఫ్ ఆడుకునేవారు. దూరం నుంచి బ్రహ్మాండంగా కొట్టేవారండీ. గుంట దగ్గరికొచ్చాక మాత్రం, పడుతుందో లేదోనని బంతి కదలకముందే తలెత్తి చూసేవారు.

“ఒక్కటే మిగిలిందమ్మాయ్. ఇదీ పోతే ఆట మానేస్తా.”

ఆ మొహం చూస్తే నాకే ఏడుపొచ్చింది. “మీరు బంతిని చూడండి, గుంట నేను చూస్తా,” అన్నాను.

మెల్లగా తట్టారు. బంతి గట్టు మీద గడ్డిలో చిన్నగా ఎగిరి, దొర్లుకుంటూ వెళ్లి గుంటలో పడింది. ఆయనింకా వంగే ఉన్నారు.

“పడిందండీ, ఇక లేవండి.”

“ఉండమ్మా, ఇంకోసారి చెప్పు.”

అడిగినన్నిసార్లూ చెప్పాను.

మర్నాడు పొద్దున్నే పార తీసుకెళ్లి, ఇక తలెత్తరన్న ధీమాతో చెరువుకి ఇంకాస్త దగ్గరగా ఇంకో గుంట తవ్వాను.